గ్లోరీ వంతు

నాకు కోపం ఎక్కువని మా ఊళ్లో అందరికీ తెలుసు. ఎస్తేరు నోట్లో పడడం కన్నా తుమ్మకంపలో పడడం మేలని మా ఆయన ఇస్రాయేలే నలుగురిలో అంటాడు. అననీ. నేను చెప్పబోయేది ఆయన చెల్లెలు, నా ఒక్కగానొక్క ఆడబిడ్డ గ్లోరీ సంగతి. చెబుతుంటే నా గొంతు పెరుగుతుంది. ముందే చెబుతున్నాను, ఏమీ అనుకోవద్దు.

నేను కోడలిగా వచ్చేనాటికి గ్లోరీ లంగా ఓణీల పిల్ల. తలలో పేలు చూసింది నేను, జడ వేసింది నేను, విస్తరి కుట్టడం నేర్పింది కూడా నేనే. మా ఊరి గుట్ట నిండా మోదుగ చెట్లు. ఎండాకాలం వస్తే ఇద్దరం తెల్లవారకముందే గుట్ట ఎక్కేవాళ్లం. మోపులు కట్టుకుని దిగి, మా అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుని, ఆకు మీద ఆకు వేసి సన్నపుల్లతో గుచ్చేవాళ్లం. గ్లోరీ మొదట్లో పుల్ల వేలికి గుచ్చుకుని ఏడ్చేది. తర్వాత తర్వాత నాకంటే ముందే కట్ట పూర్తిచేసి, "వదినా, నీ చేతులు ముసలియైనయి" అని ఎక్కిరించేది. ఆమెను ఊళ్లోనే ఇచ్చి చేశాం. ఇల్లు మారింది గానీ, మా ఇద్దరి అరుగు మారలేదు. కోస్గి సంతకు ఒకే ఆటోలో పోయి ఒకే పొట్లంలో మిర్చీలు తిని వచ్చేవాళ్లం.

ఆ తర్వాత తళతళలాడే ప్లేట్లు వచ్చి మా విస్తర్లను మూలకు తోశాయి. పెళ్లి అవే, చావు అవే. తిని పారేస్తే ఒర్రెలో తేలేవి, చేనులో నాగలికి తగిలేవి, తగలబెడితే ముక్కు పగిలే కంపు. మా మందిరంలో మాత్రం పెద్దలు మొండిగా ఆకు విస్తర్లే పెట్టించారు. దానికి ఒక కారణం ఉంది. పండుగకు మందిరంలో ప్రేమవిందు పెడతారు. అన్నం, మాంసం కూర, పప్పుచారు. అందరూ తిన్నాక ఎంగిలి విస్తర్లను పారెయ్యరు. బర్రెలున్న ఇళ్ల ఆడవాళ్లు గంపలు తెచ్చుకుంటే, వాటిని వంతులు వేసి పంచుతారు. మెతుకులు అంటిన మోదుగాకంటే బర్రెలు ప్రాణం పెడతాయి. మా అత్త కాలం నుంచీ ఇదే పద్ధతి. విందు మనిషికైతే వంతు గొడ్డుకు, అని మా అత్త అనేది.

నా బర్రె పేరు చుక్కి. నొసట తెల్లమచ్చ. పెయ్యగా ఉన్నప్పుడే కొని తెచ్చాను. గొడ్డొచ్చిన వేళ, బిడ్డొచ్చిన వేళ అంటారు గదా, అది వచ్చినాకే మా ఇంట్లో పొద్దున చాయకు పాలు కొనడం ఆగింది. మా ఆయన నడుము నొప్పితో కూలికి పోలేని రోజుల్లో ఇల్లు నడిపింది చుక్కి పాలే. దాన్ని నేను ఏనాడూ ఊరి మీదికి వదల్లేదు. కట్టుకొయ్య దగ్గరే మేత, కుడితి, నీళ్లు. బర్రెలు చెత్తకుప్పల మీద పడి కవర్లు నమిలి చచ్చాయని విన్నప్పుడల్లా, వాటి యజమానులను తిట్టేదాన్ని. గట్టిగానే తిట్టేదాన్ని.

ప్లాస్టిక్ ప్లేట్లు బంద్ అని టీవీలో చెప్పిన ఏడాది, వానలు మొదలైనాక, కొత్తకోట నుంచి అమరేందర్ అనే వ్యాపారి కారులో వచ్చాడు. ఆకు ప్లేట్లకు మళ్లీ గిరాకీ వచ్చిందట, హైదరాబాదులో పెళ్లిళ్లకు కావాలట. మిషను తానే పెడతాడట, ఆకు మేం కుట్టాలట. మహిళా సంఘానికి లీడరు గ్లోరీయే. వాళ్ల ఇంటి పక్క జాగాలో రేకుల షెడ్డు లేచింది. షెడ్డుకు రెండు అర్రలు. ముందు అర్రలో మేం పదిమంది ఆడవాళ్లం కూర్చుని ఆకులు గుండ్రంగా కుట్టేవాళ్లం. వెనక అర్రలో మిషను. అక్కడ గ్లోరీ, ఆమె పెనిమిటి తప్ప ఎవరూ అడుగుపెట్టకూడదు. వేడి మిషను, చెయ్యి పడితే పోతుంది అని చెప్పింది. నిజమే కాబోలు అనుకున్నాం.

అటునుంచి ప్లేటు బయటికి వస్తే చూడముచ్చటగా ఉండేది. పైన మోదుగాకు, కింద మందపాటి అట్ట, అంచు చుట్టూ మడతలు మడతలుగా పువ్వు ఆకారం. నీళ్లు పోసి చూశాను. చుక్క కిందికి దిగలేదు.

"గిదెట్ల అతుక్కున్నది గ్లోరీ? నీళ్లు గూడ దిగుతలేవు" అని అడిగాను.

"గంజి వదినా. నేతోళ్లు నూలుకు పెడ్తరు సూడు, గసొంటి గంజే. జర చిక్కగ పెట్టినం, గంతే."

"గంజైతే మంచిదే. గొడ్లకు గూడ బలం."

అప్పుడు గ్లోరీ ముఖం ఎలా ఉందో నాకు గుర్తులేదు. చూసి ఉంటే బాగుండేది. నేను ప్లేటు వైపే చూస్తూ మురిసిపోతున్నాను. మన ఆకు మళ్లీ పెళ్లి పందిట్లోకి పోతోందని, ఆ తళతళల ప్లేట్ల పీడ వదిలిందని, దేవుడు మా కష్టం చూశాడని. షెడ్డులో కూర్చుని పాటలు కూడా పాడాను. ఇప్పుడు తలుచుకుంటే నా పాట మీద నాకే అసహ్యం.

ఆ క్రిస్మస్ ప్రేమవిందుకు ప్లేట్లన్నీ గ్లోరీయే కానుకగా ఇచ్చింది. పాస్టరయ్య మైకులో ఆమె పేరు చదివి ప్రార్థన చేశాడు. భోజనాలయ్యాక ఎప్పటిలాగే వంతులు పంచుకున్నాం. గ్లోరీకి కూడా ఒక బర్రె ఉంది. ఆమె తన గంపను నా ముందుకు జరిపింది.

"నా వంతు గూడ నువ్వే తీస్కపో వదినా. చుక్కిని కట్టించినవ్ గద, సూడిదైతే మేత ఎక్కువ గావాలె."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మిషను వచ్చినా, లీడరైనా, పిల్ల మారలేదు అనుకున్నాను. ఆ రెండు గంపలూ చుక్కి ముందు పోసి, అది తలూపుతూ తింటుంటే గంగడోలు నిమురుతూ నిలబడ్డాను. వెంట వచ్చిన గ్లోరీ దాని నొసటి మచ్చ నిమిరింది. ఎండాకాలం పెళ్లిళ్లలో మా వాళ్ల పందిళ్లన్నిటికీ అవే ప్లేట్లు, అవే వంతులు. ఈస్టరుకు మళ్లీ అంతే. ప్రతిసారీ గ్లోరీ వంతు నా గంపలోకే వచ్చింది. మా ఆడబిడ్డ మనసు చూడండని పుష్పమ్మతో గొప్పలు కూడా చెప్పుకున్నాను. పుష్పమ్మ మా వెనకింటామె, ఆమెకూ ఒక బర్రె ఉంది. "నాకు లేదాయె గసొంటి ఆడిబిడ్డ" అని మూతి తిప్పింది.

వానాకాలం నడిమిట్లో చుక్కి మేత తగ్గించింది. నెలలు నిండుతున్నాయి కదా, కడుపులో దూడ నొక్కుతోందేమో అనుకున్నాం. వాము, నల్లుప్పు తినిపించాం. కొద్దిరోజులు తిన్నది, మళ్లీ మానేసింది. ఎడమ పక్క డొక్క ఉబ్బింది. నెమరు ఆగింది. నెమరు వెయ్యని బర్రె పక్కన కూర్చుంటే ఎలా ఉంటుందో గొడ్లున్నవాళ్లకు తెలుసు. ఇంట్లో గడియారం ఆగినట్టు ఉంటుంది. ఇస్రాయేలు కోస్గి పశువుల దవాఖానకు పోయి డాక్టరును బండి మీద ఎక్కించుకుని వచ్చాడు.

డాక్టరు డొక్క మీద పిడికిలి పెట్టి నొక్కి, పెదవి విరిచాడు. "పెద్దపొట్టల ఏదో గడ్డగట్టింది. కొయ్యకుంటే తల్లి దక్కది, దూడ దక్కది. కోసినా చెప్పలేను."

కొయ్యమన్నాను. వేరే దారేముంది? నలుగురు మగవాళ్లు పట్టుకున్నారు. మత్తు ఇచ్చి, ఎడమ డొక్క గొరిగి కోశారు. డాక్టరు భుజం దాకా చెయ్యి పెట్టి గుంజడం మొదలుపెట్టాడు. ముద్దలు ముద్దలుగా వచ్చింది. తడిసి, మెలితిరిగి, తాళ్లలా పేనుకుపోయిన పల్చని ప్లాస్టిక్. తట్ట నిండింది. ఇంకో తట్ట తెచ్చారు.

"బర్రెను పెంటల మీదికి ఇడిసిపెడ్తె గిట్లనే అయితది. ఎన్నిసార్లు చెప్పాలె మీకు?" అన్నాడు డాక్టరు.

"నా బర్రె పెంట మొఖం సూడలే సారూ! కట్టుకొయ్య ఇడిసి పోలే!" అని అరిచాను.

"మరి గీ కవర్లు ఆకాశంలకెల్లి పడ్డయా అమ్మా?"

చుట్టూ నిలబడ్డవాళ్లు నన్ను అదోలా చూశారు. ఊళ్లో అందరి గొడ్లకూ బుద్ధులు చెప్పే ఎస్తేరు బర్రె కడుపులోనే తట్టల కొద్దీ ప్లాస్టిక్. అంతకంటే నవ్వులాట ఏముంటుంది?

చుక్కి మత్తులోంచి సగం లేచింది. నా వైపు తల తిప్పింది. పొద్దు గూకకముందే పోయింది. కడుపులో దూడ కూడా పోయింది. పెయ్యదూడేనట, డాక్టరు చెప్పాడు. ఎందుకు చెప్పాడో.

ఇస్రాయేలు గుంత తవ్వించడానికి పోయాడు. నేను ఆ తట్టల దగ్గర కూర్చున్నాను. కోపానికి ఏదో ఒకటి చెయ్యాలి కదా, ఒక ముద్ద తీసి తొట్టినీళ్లలో కడిగాను. మెలికలు విప్పాను. విప్పి నేల మీద పరిచాను. కవరైతే చేతులుండాలి, సంచిలా తెరుచుకోవాలి. ఇది గుండ్రంగా ఉంది. అంచు చుట్టూ మడతలు మడతలుగా పువ్వు ఆకారం. ఇంకోటి విప్పాను. అదీ గుండ్రమే. ఆకు అరిగింది, అట్ట నానిపోయింది, నడిమిట్లో గంజి అని గ్లోరీ చెప్పింది మాత్రం అలాగే మిగిలింది.

ఆ గుండ్రాలు పట్టుకుని షెడ్డుకు పోయాను. తోడి ఆడవాళ్లు ఆకులు కుడుతున్నారు. వెనక అర్రలోంచి గ్లోరీ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. చుక్కి పోయిన సంగతి అప్పటికే తెలిసినట్టుంది, కళ్లొత్తుకుంటూ నన్ను పట్టుకోబోయింది.

"గిది ఏంది గ్లోరీ?"

చూసింది. ఒక్క క్షణం చూసింది. "ఏడిది వదినా? ఏ సంతల కవరో."

"నీ ప్లేటంత ఉన్నది. నీ ప్లేటు తీరుగనే మడతలున్నయి."

"బర్రె పోయిన బాధల నీకు అన్ని గట్లనే కనవడ్తయి. మా ప్లేట్ల ఉన్నది ఆకు, అట్ట, గంజి. కావాలంటే అమరేందర్ సారును అడుగు."

"అయితే వెనక అర్ర తలుపు తెరువు. సూస్త."

తియ్యలేదు. మిషను వేడి మీదుందట. నేను పదిమందినీ చూశాను. ఒక్కరూ తలెత్తలేదు. పుల్లలు ఆకుల్లో గుచ్చుకుంటున్నాయి, అంతే. వాళ్లనేమంటాను? ఆ షెడ్డు మూతపడితే మళ్లీ మిరప చేలల్లో నడుములు విరగ్గొట్టుకోవాలి. "నీ బర్రె ఏడ మేసిందో ఏమో అక్కా" అన్నది పుష్పమ్మ, మెల్లగా, నా ముఖం చూడకుండా.

ఇంటికొస్తే మా ఆయన కూడా అదే పాట. "అది నా చెల్లె. ఎత్తుకోని పెంచిన. గట్ల చెయ్యది." నేను ఆ గుండ్రాన్ని ఆయన చేతిలో పెట్టాను. దాన్ని చూడకుండానే కింద పెట్టి బయటికి పోయాడు. ఆ తర్వాత ఊళ్లో మాట మారింది. ఎస్తేరుకు మిషను మీద కళ్లు, ఆడబిడ్డ ఎదిగితే ఓర్వలేకపోతోంది అన్నారు. పాస్టరయ్య ఇంటికొచ్చి, క్షమించు తల్లీ అని ప్రార్థన చేసి పోయాడు. ఎవరు ఏం చేశారో ఎవరూ ఒప్పుకోకుండానే క్షమించడం ఎట్లాగో ఆయన చెప్పలేదు.

నిజం చెప్పాలంటే, నాకూ ఒక ఆశ మిగిలి ఉంది. ఆ అమరేందరే మోసం చేశాడేమో, గంజి అని చెప్పి గ్లోరీకి ఏదో ప్లాస్టిక్ పొర చుట్ట అంటగట్టాడేమో, పాపం దీనికీ తెలియదేమో అనుకునేదాన్ని. నేను జడ వేసిన పిల్ల. తెలిసి చెయ్యదు. భయపడి బొంకుతోంది, అంతే. ఇవాళ కాకుంటే రేపు నా అరుగు మీదికి వచ్చి, వదినా నేనూ మోసపోయిన అని ఏడుస్తుంది అని ఎదురుచూశాను. కోపిష్టిదాన్నే గానీ, ఎదురుచూడడం చేతకానిదాన్ని కాను.

క్రిస్మస్ వచ్చింది. నాకు పోబుద్ధి కాలేదు. ఇస్రాయేలు బతిమాలితే పోయాను. మళ్లీ అవే ప్లేట్లు, మళ్లీ మైకులో అదే పేరు. నేను ఇంటినుంచి గిన్నె తీసుకుపోయి అందులో తిన్నాను. చూసినవాళ్లు చూశారు. భోజనాలయ్యాక ఆడవాళ్లు గంపలతో చేరారు. నా దగ్గర గంప లేదు, బర్రే లేదు. మందిరం గోడకు ఆనుకుని నిలబడ్డాను.

వంతులు వేశారు. గ్లోరీ తన గంప దగ్గరికి వచ్చింది. ఒకసారి నా వైపు చూసింది. నాకిక అవసరం లేదని గుర్తొచ్చినట్టుంది. గంపను కాలితో మెల్లగా పక్కకు జరిపింది.

"నా వంతు గూడ నువ్వే తీస్కపో పుష్పమ్మా. నీ బర్రె ఈనింది గద, మేత ఎక్కువ గావాలె."

పుష్పమ్మ ముఖం వెలిగిపోయింది. అచ్చం నా ముఖం ఏడాది కింద వెలిగినట్టే.

అప్పుడు నాకు అర్థమైంది. క్రిస్మస్‌కు, పెళ్లిళ్లకు, ఈస్టరుకు, ఏనాడూ గ్లోరీ తన బర్రెకు ఒక్క ప్లేటు పెట్టలేదు. అందరూ గంపలు ఎత్తుకుంటుంటే తానొక్కతే వద్దంటే ఎందుకని అడుగుతారు. అందుకని ప్రేమగా ఎవరికో ఒకరికి ఇచ్చింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు, ఆ ఎవరో ఒకరు నేనయ్యాను. గ్లోరీకి మొదటి రోజు నుంచీ తెలుసు.

పుష్పమ్మ గంపకు చెయ్యి వెయ్యకముందే నేను పోయి దాన్ని పట్టుకున్నాను.

"ఆగు పుష్పమ్మా. గ్లోరీ వంతు గ్లోరీ బర్రెకే."

గంప తలకెత్తుకున్నాను. గ్లోరీ ఇల్లు మందిరానికి ఎదురుగానే. నడిచాను. వెనక గ్లోరీ నవ్వుతూ వచ్చింది, "వద్దులే వదినా, దాని కడుపు నిండుగున్నది, నీకెందుకు కష్టం" అంటూ. నేను ఆగలేదు. ఆమె నవ్వు తగ్గింది. "వదినా, చెప్తున్న గద" అన్నది. జనం కూడా వెంట వచ్చారు, ఎస్తేరు ఏదో గొడవ చేస్తుందని. గొడవంటే మావాళ్లకు ప్రేమవిందు కన్నా రుచి.

గ్లోరీ బర్రె కట్టుకొయ్య దగ్గర పడుకుని నెమరు వేస్తోంది. పప్పుచారు, మెతుకుల వాసన తగలగానే లేచింది. మెడ చాచింది. నేను గంప దించి దాని మూతి కింద పట్టాను.

"వద్దు!"

ఆ కేక విని నేనే ఉలిక్కిపడ్డాను. గ్లోరీ ఉరికొచ్చి గంపను రెండు చేతులతో తోసేసింది. ప్లేట్లన్నీ దొర్లిపోయాయి. ఒక ప్లేటు అప్పటికే బర్రె నోట్లోకి పోయింది. దాని మూతి పట్టుకుని, దవడలో వేళ్లు పెట్టి, ఏడుస్తూ గుంజింది. "ఉమ్మేయే, ఉమ్మేయే, సస్తవే! ఇది తింటే సస్తవే!" అని పిచ్చిదానిలా అరిచింది. సగం చిరిగిన ప్లేటు బయటికొచ్చింది. చిరిగిన చోట ఆకుకూ అట్టకూ నడిమిట్లో పల్చటి ప్లాస్టిక్ పొర వేలాడుతోంది.

పుష్పమ్మ తన గంపను నేలమీద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది. ఇస్రాయేలు జనం వెనక నిలబడి ఉన్నాడు. తల వంచుకుని, నాకు నడుము నొప్పి అని చెప్పే మనిషిలా గోడ పట్టుకుని కూర్చున్నాడు.

గ్లోరీకి అప్పుడు తెలిసింది తానేం అరిచిందో. చేతిలో ఆ సగం ప్లేటు పట్టుకుని నా వైపు తిరిగింది. "వదినా, ఆ పొర లేకుంటే కూర కారుతదట. కారితే ఎవ్వరు కొనరట. నీకు చెప్తే నువ్వు ఊకుంటవా? ఊరంత చెప్తవ్. పది ఇండ్లు ఉపాసముంటయని..."

"గందుకే నా బర్రెకు పెట్టినవా?"

చేతిలోని సగం ప్లేటును కొంగులో దాచుకోబోయింది.

నేను తిట్టలేదు. అందరూ దానికోసమే ఎదురుచూశారు. నా నోటికి తెలిసిన తిట్లలో దీనికి సరిపోయేది ఒక్కటీ దొరకలేదు. గంప బోర్లా పెట్టి, దొర్లిన ప్లేట్లను దాని బర్రెకు అందకుండా దూరంగా నెట్టాను. గ్లోరీ అరవకున్నా దాన్ని నేను తిననిచ్చేదాన్ని కాదు. నోరులేని జీవం ఏం పాపం చేసింది?

ప్లేట్లు గోనెలో వేసుకుని పోవడానికి అమరేందర్ కారు వస్తుందో రాదో, షెడ్డు ఉంటుందో మూస్తారో నాకు తెలియదు. ఇవాళ కూడా నా అరుగు మీద మోదుగాకు మోపు ఉంది. ఒక్కదాన్నే కుట్టుకుంటున్నాను. పుల్ల వేలికి గుచ్చుకుంటోంది ఈమధ్య.

బర్రె పోయింది, దూడ పోయింది. గొడ్డు పోతే ఇంకో గొడ్డు రాకపోదు. రాత్రీ పగలూ నా చెవిలో మోగేది గ్లోరీ కేక. ఎంత ప్రేమగా అరిచిందో తన బర్రె కోసం! నేను మెతుకులంటిన ఆ ప్లేట్లు నా చేత్తో చుక్కి నోటికి అందిస్తుంటే, పక్కనే నిలబడి దాని నొసటి మచ్చ నిమిరింది గదా. ఆనాడు ఆ కేక ఎక్కడ పోయింది?